196లో 15: యాభై ఐదు ఎన్నికల్లో లెక్కలోకి రాని ఓటర్లు

1955 ఫిబ్రవరిలో జరిగిన ఆంధ్ర రాష్ట్ర ఎన్నికల్లో కమ్యూనిస్టు పార్టీకి దాదాపు 27 లక్షల ఓట్లు పడ్డాయి. పోలైన ఓట్లలో అవి 31 శాతం. కాంగ్రెస్ పార్టీకి విడిగా వచ్చినవి దాదాపు 34 లక్షలు, అంటే 39 శాతం. ఈ రెండు అంకెలు మాత్రమే చూపిస్తే ఎవరైనా పోటీ గట్టిగానే జరిగిందంటారు. మనదాకా వచ్చిన కథ మాత్రం అది కాదు. "యాభై ఐదులో కమ్యూనిస్టులు తుడిచిపెట్టుకుపోయారు" అన్న మాట మా ఇంట్లో కాంగ్రెస్ వాళ్ళూ అనేవారు, కమ్యూనిస్టులూ అనేవారు. మొదటివాళ్ళు సంతోషంగా, రెండోవాళ్ళు బాధగా. ఇద్దరూ ఒకే మాట అంటుంటే అది నిజమే అనుకుని పెరిగాం. ఆ మాటకు ఆధారం ఇంకో అంకె: 196 స్థానాల్లో 15.

కమ్యూనిస్టు పార్టీని వెనకేసుకురావడం నా ఉద్దేశం కాదు. ఆ పార్టీ అప్పట్లో చేసిన పొరపాట్ల గురించి ఆ పార్టీవాళ్ళే బోలెడు రాసుకున్నారు. నా బాధ ఆ 27 లక్షల మంది గురించి. వాళ్ళు ఓటు వేశారు, ఆ ఓట్లు లెక్కపెట్టారు, అంకె రికార్డుల్లో భద్రంగా ఉంది. ఆనాటి ప్రజాభిప్రాయం గురించి పత్రికలు రాసినదాంట్లో, ఆ పత్రికలను పట్టుకుని మనం తర్వాత చెప్పుకున్న చరిత్రలో మాత్రం వాళ్ళు కనపడరు. ప్రజలు ఏమనుకున్నారో తెలియాలంటే పాత పేపర్లు తిరగేస్తే సరిపోతుందని నమ్మేవాళ్ళు ఈ మధ్య ఎక్కువయ్యారు. స్కాన్ చేసిన సంచికలు ఇంట్లో కూర్చుని చదివే వీలొచ్చింది, మంచిదే. అయితే పత్రికలో ఉన్న ప్రజాభిప్రాయం వేరు, ప్రజల అభిప్రాయం వేరు. ఈ రెంటి మధ్య ఎంత దూరం ఉండగలదో చూడాలంటే యాభై ఐదు కంటే మంచి ఉదాహరణ మన చరిత్రలో నాకు కనపడలేదు.

కథ 1952 నుంచి మొదలుపెట్టాలి. తొలి సార్వత్రిక ఎన్నికల్లో ఉమ్మడి మద్రాసు శాసనసభకు 375 స్థానాలు. కాంగ్రెస్‌కు వచ్చినవి 152, అంటే మెజారిటీ లేదు. తెలుగు జిల్లాల్లో ఉన్న 140 స్థానాల్లో కమ్యూనిస్టులు 41 గెలిచారు, కాంగ్రెస్ కూడా దాదాపు అక్కడే ఆగిపోయింది. అనంతపురంలో నీలం సంజీవరెడ్డి అంతటి నాయకుడు తన సొంత బావమరిది తరిమెల నాగిరెడ్డి చేతిలో ఓడిపోయారు. ఇటు హైదరాబాదు రాష్ట్రంలో పార్టీ మీద నిషేధం ఉండటంతో పీపుల్స్ డెమొక్రటిక్ ఫ్రంట్ పేరుతో పోటీ చేసిన రావి నారాయణరెడ్డి నల్గొండ నుంచి లోక్‌సభకు నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో గెలిచారు. తెలుగునాడంతా ఎర్రబడిపోయిందన్న అభిప్రాయం అప్పుడే మొదలైంది. ఢిల్లీ, బొంబాయి పత్రికలకు ఆంధ్ర ఒక్కసారిగా పెద్ద వార్త అయింది.

అసలు విషయం ఓట్లలో ఉంది. ఆంధ్ర ప్రాంతంలో ఆ ఏడాది కమ్యూనిస్టులకు పడ్డవి ఐదో వంతుకు కాస్త పైన. ఆ ఓట్లతోనే దాదాపు మూడో వంతు స్థానాలు వచ్చాయి. ఎలా అంటే, ఎదుటి ఓట్లు చీలిపోయాయి. కాంగ్రెస్ నుంచి విడిపోయిన ప్రకాశం పంతులు గారి వర్గం ఒకవైపు, ఆచార్య రంగా గారి కృషికార్ లోక్ పార్టీ మరోవైపు, సోషలిస్టులు ఇంకోవైపు, స్వతంత్రులు సరేసరి. ఒక్కో చోట నలుగురైదుగురు బరిలో ఉంటే నూటికి ముప్పై, ముప్పై ఐదు ఓట్లు తెచ్చుకున్నవాడే గెలుస్తాడు. అంటే 1952 నాటి ఎరుపు కూడా ఉన్నదానికంటే ఎక్కువగానే కనిపించింది. ఆ మూడేళ్ళలో ప్రజలు ఎగిరి గంతేసి కమ్యూనిస్టుల వైపు వెళ్ళిందీ లేదు, మళ్ళీ దూకి వెనక్కి వచ్చిందీ లేదు. పత్రికలు రెండుసార్లూ సీట్లనే చూశాయి, అందుకే రెండుసార్లూ కమ్యూనిస్టుల బలాన్ని తప్పుగా తూచాయి.

1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, ప్రకాశం పంతులు ముఖ్యమంత్రి. ఏడాది తిరగగానే 1954 నవంబరు 6న మద్యనిషేధం విషయమై పెట్టిన అవిశ్వాస తీర్మానం 69–68తో, ఒకే ఒక్క ఓటు తేడాతో నెగ్గింది. ప్రభుత్వాన్ని పడగొట్టిన ఓట్లలో కమ్యూనిస్టులవీ ఉన్నాయి, కృషికార్ లోక్ పార్టీవీ ఉన్నాయి. రాష్ట్రపతి పాలన వచ్చింది. మూడు నెలలు తిరక్కుండానే అదే కృషికార్ లోక్ పార్టీ, అదే ప్రకాశం గారి ప్రజా పార్టీ కాంగ్రెస్‌తో కలిసి ఒకే కూటమిగా ఎన్నికలకు వెళ్ళాయి. నిన్న ఒకరినొకరు గద్దె దించుకున్నవాళ్ళు ఇవాళ ఒకే వేదిక మీద నిలబడ్డారు. ఎన్నికల నిర్వహణకు కాంగ్రెస్ అధిష్ఠానం బొంబాయి నుంచి ఎస్.కె. పాటిల్‌ను పంపింది. ఆయన చేసిన ముఖ్యమైన పని ఒకటే: ప్రతి నియోజకవర్గంలో కమ్యూనిస్టుకు ఎదురుగా ఒకే ఒక్క బలమైన అభ్యర్థి ఉండేలా చూడటం.

నా దృష్టిలో యాభై ఐదు ఫలితం అక్కడే సగం తేలిపోయింది. మిగతా సగం ప్రచారం.

ఇక పత్రికల సంగతి. ఆనాడు తెలుగువాళ్ళ అభిప్రాయాన్ని నడిపిస్తున్న పెద్ద దినపత్రికలు రెండు, ఆంధ్రపత్రిక, ఆంధ్రప్రభ. రెండూ మద్రాసులో అచ్చయ్యేవి. రాష్ట్రం విడిపోయి రాజధాని కర్నూలు వచ్చినా తెలుగు సంపాదకీయం మాత్రం ఇంకా మద్రాసు నుంచే వస్తుండేది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు అమృతాంజనం మీద వచ్చిన డబ్బుతో పెంచిన ఆంధ్రపత్రికకు జాతీయోద్యమ కాలం నుంచి ఉన్న గౌరవం ఉంది. ఆంధ్రప్రభ గోయెంకా గారి ఎక్స్‌ప్రెస్ సంస్థది. 1942 నుంచి దానికి సంపాదకుడు నార్ల వెంకటేశ్వరరావు. జనం మాట్లాడే భాషలో, చురుక్కుమనేలా రాసే నార్ల ఈ ఎన్నికల్లో కమ్యూనిస్టుల మీద చాలా తీవ్రంగా రాశారు. ఎదురుగా కమ్యూనిస్టులకు 1952లో విజయవాడలో పుట్టిన విశాలాంధ్ర ఉంది. అంతకుముందున్న ప్రజాశక్తిని 1948లో ప్రభుత్వం నిషేధించింది. నాలుగేళ్ళ నిర్బంధం తర్వాత మళ్ళీ చేతికొచ్చిన పత్రిక కాబట్టి విశాలాంధ్రలో ఆవేశం సహజంగానే ఎక్కువ.

ఇలాంటి పత్రికలను ఒక పక్షం వహించాయని తప్పుపట్టడం నాకు ఇష్టం లేదు. నార్ల తను ఎటువైపో దాచుకోలేదు, విశాలాంధ్ర అసలే దాచుకోలేదు. వాళ్ళు రాసింది వాదన. చదివేవాళ్ళకు అది వాదన అనే తెలుసు కూడా.

ఈ మాట మా పెదనాన్న వల్ల నాకు తెలిసింది. ఆయనది కృష్ణా జిల్లాలో ఒక చిన్న ఊరు. ఆ ఎన్నికల నాటికి ఆయన పదమూడేళ్ళ కుర్రాడు. బడిలో తెలుగు బాగా చదువుతాడని పేరుండటంతో సాయంత్రం పూట అరుగు మీద కూర్చోబెట్టి పేపరు చదివించుకునేవారట. 1951 జనాభా లెక్కల ప్రకారం దేశంలో నూటికి 18 మందికే చదువొచ్చు. అంటే ఆనాడు పేపరును కళ్ళతో చదివినవాళ్ళ కంటే చెవులతో విన్నవాళ్ళే ఎక్కువ. మద్రాసులో అచ్చయిన పేపరు మెయిలు బండెక్కి బెజవాడ వచ్చి, అక్కడి నుంచి ఊరు చేరేసరికి వార్త పాతబడిపోయేది. ఎవరూ పట్టించుకునేవారు కాదు. పెదనాన్న శీర్షిక చదవగానే వెనక నుంచి ఎవరో ఒకరు "ఒరేయ్ అబ్బాయ్, ఇంతకీ ఏ పేపర్రా అది?" అని అడిగేవారట. పేరు చెప్పాకే తల ఊపడమో, పెదవి విరవడమో. కాంగ్రెస్ అభిమాని అయిన ఇంటాయన అరుగు మీద విశాలాంధ్ర చదవకూడదు. అది చదవాలంటే నాలుగిళ్ళ అవతల పార్టీ ఆఫీసు గదికి వెళ్ళాలి. కుర్రాడు కాబట్టి ఈయన్ని రెండు చోట్లా రానిచ్చేవారు. రెండు చోట్లా వేరు వేరు ఊళ్ళ గురించి చదువుతున్నట్టు ఉండేదని చెప్పేవారు. ఒకచోట "మన వాళ్ళు" అంటే ఒక అర్థం, ఇంకోచోట ఇంకో అర్థం.

అక్షరం రాని ఆ పెద్దమనుషులు అడిగిన ప్రశ్న ఇవాళ పరిశోధన చేసేవాళ్ళు కూడా చాలాసార్లు అడగడం లేదు. "1955 ఫిబ్రవరిలో ప్రజలు ఇలా భావించారు" అని ఒక వాక్యం రాసి, ఆధారంగా ఒక సంపాదకీయం చూపించి ఊరుకుంటున్నారు. అది ఏ పేపరు, ఎక్కడ అచ్చయింది, ఎవరి డబ్బుతో నడిచింది, ఏ అరుగు మీద చదివారు అన్నది అడగకపోతే ఆ వాక్యానికి విలువ లేదు.

ఎన్నికల ప్రచారంలో కమ్యూనిస్టులు చేసిన పెద్ద తప్పు, సభలకు వచ్చిన జనాన్ని చూసి ఓట్లు లెక్కేసుకోవడం. బుర్రకథలు, ఊరేగింపులు, పాటలు, మైదానాలు నిండే సభలు. కళాకారులు, రచయితలు చాలామంది వాళ్ళ వైపే ఉన్నారు. శ్రీశ్రీ స్వయంగా ఊరూరా తిరిగారు. అధికారం మాదేనని పార్టీ బాహాటంగా చెప్పింది, ఆ పార్టీ పత్రికా అదే నమ్మింది, పాఠకులనూ నమ్మించింది. ఆ ధీమా కాంగ్రెస్‌కే పనికొచ్చింది. కమ్యూనిస్టులు నిజంగానే వచ్చేస్తున్నారంటే భూములున్నవాళ్ళకు భయం పట్టుకుంటుంది, దేశమంతా ఇటు చూస్తుంది, పాత కక్షలు మర్చిపోయి అందరూ ఒక్కటవుతారు. అలాగే జరిగింది.

అదే జనవరిలో మద్రాసు పక్కన ఆవడిలో కాంగ్రెస్ మహాసభ జరిగింది. సోషలిస్టు తరహా సమాజమే మా లక్ష్యం అని అక్కడ తీర్మానించారు. సరిగ్గా ఆంధ్ర ఎన్నికల ముందు, ఆంధ్రకు దగ్గర్లో. కమ్యూనిస్టులు చెప్పేదే మేమూ చేస్తాం, గొడవలు లేకుండా చేస్తాం అని చెప్పుకోవడానికి కాంగ్రెస్ కార్యకర్తకు ఒక మాట దొరికింది. ఆ నెలాఖర్లో మాస్కోలోని సోవియట్ కమ్యూనిస్టు పార్టీ పత్రిక ప్రావ్దా నెహ్రూ విధానాలను మెచ్చుకుంటూ సంపాదకీయం రాసింది. కాంగ్రెస్ వాళ్ళు దాన్ని కరపత్రాలు వేసి పంచారు. మీ రష్యా వాళ్ళే మా నెహ్రూని పొగుడుతుంటే మీరెందుకు తిడుతున్నారు అని ఊళ్ళో నిలదీస్తే, పార్టీ కార్యకర్త ఏం చెబుతాడు? ఎక్కడో మాస్కోలో రష్యన్ భాషలో అచ్చయిన సంపాదకీయం తెనాలి దగ్గర పల్లెలో ఓటు అడగడానికి పనికొచ్చిందంటే, పత్రికకు ఉన్న శక్తి ఏపాటిదో తెలుస్తుంది. ఒక పత్రిక రాసిన మాట బలం దాన్ని ఎవరు ఎత్తుకుని ఎక్కడ వాడతారన్న దాంట్లోనే ఎక్కువగా ఉంటుంది.

పోలింగ్ ఎలా జరిగేదో ఈ తరానికి చాలామందికి తెలియదు. అప్పట్లో గుర్తుల మీద ముద్ర వేసే పద్ధతి లేదు. చేతికి ఒక చీటీ ఇచ్చేవారు, దాని మీద ఎవరి పేరూ ఉండదు. తెర చాటుకు వెళితే అభ్యర్థికి ఒక పెట్టె చొప్పున వరసగా ఇనప పెట్టెలు ఉంటాయి. పెట్టె మీద గుర్తు అంటించి ఉంటుంది. కాంగ్రెస్‌ది కాడెద్దుల పెట్టె, కమ్యూనిస్టులది కంకి కొడవలి పెట్టె. మీకు నచ్చిన పెట్టెలో చీటీ వేసి రావాలి, అంతే. తొలి ఎన్నికల్లో పెట్టెలకు దండం పెట్టినవాళ్ళు ఉన్నారని పెద్దవాళ్ళు చెబుతారు. ఆ తెర వెనక నిలబడ్డ మనిషి ఏ పెట్టె వైపు చెయ్యి చాపాడన్నదే నిజమైన ప్రజాభిప్రాయం. సంపాదకుడికి అది కనపడదు. సభలో చప్పట్లు లెక్కపెట్టినవాడికీ కనపడదు.

ఫలితాలు వచ్చాయి. కాంగ్రెస్‌కు 119, కృషికార్ లోక్ పార్టీకి 22, ప్రజా పార్టీకి 5. కూటమికి మొత్తం 146. ప్రజా సోషలిస్టులకు 13, స్వతంత్రులకు 22, కమ్యూనిస్టులకు 15. పుచ్చలపల్లి సుందరయ్య గన్నవరంలో నిలబడి గెలిచారు, పార్టీలో పెద్దపెద్ద వాళ్ళు చాలామంది ఓడిపోయారు. మార్చి 28న బెజవాడ గోపాలరెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు. కమ్యూనిజాన్ని ఆంధ్రులు తిరస్కరించారని ఇక్కడి పత్రికలూ, బయటి పత్రికలూ చాటాయి.

ఓట్లు చూడండి. కూటమి మూడు పార్టీలవీ కలిపితే దాదాపు సగం. ఆ సగం ఓట్లకు నూటికి 74 స్థానాలు. కమ్యూనిస్టులకు నూటికి 31 ఓట్లు, నూటికి ఎనిమిది స్థానాలు కూడా రాలేదు. 1952లో చీలిక వాళ్ళకు కలిసొచ్చింది, 1955లో ఐక్యత వాళ్ళను ముంచింది. ప్రతి ముగ్గురిలో దాదాపు ఒకరు కంకి కొడవలి పెట్టెలో చీటీ వేసిన రాష్ట్రాన్ని, కమ్యూనిజాన్ని తిరస్కరించిన రాష్ట్రం అని రాశారు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, న్యాయమైనదే. 1952లో పార్టీ ఆంధ్రలో సగం కంటే తక్కువ స్థానాల్లోనే పోటీ చేసింది, 1955లో చాలా ఎక్కువ చోట్ల నిలబడింది. కాబట్టి శాతం పెరగడంలో కొంత భాగం పోటీ చేసిన చోట్లు పెరగడం వల్లే. ఒప్పుకుంటాను. అందుకే వాళ్ళ బలం పెరిగిందని నేను వాదించడం లేదు. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో మోతుబరి రైతుల మద్దతు కొంత జారిపోయిందని, కులాల లెక్క మారిందని ఆ తర్వాత అధ్యయనం చేసినవాళ్ళు చూపించారు. అదీ నిజమై ఉండొచ్చు. నేను అనేది ఇంతే: తుడిచిపెట్టుకుపోయారన్న మాట తప్పు. 27 లక్షల మంది ఓటేసిన పార్టీని తుడిచిపెట్టుకుపోయిందని చెప్పడానికి వీల్లేదు.

నమ్మకం కలగకపోతే పక్కన కేరళను చూడండి. 1957లో అక్కడ కమ్యూనిస్టులకు వచ్చిన ఓట్లు 35 శాతం. స్థానాలు 126లో 60. ఐదుగురు స్వతంత్రుల మద్దతుతో ఏప్రిల్ 5న ఇ.ఎం.ఎస్. నంబూద్రిపాద్ ముఖ్యమంత్రి అయ్యారు. ప్రపంచమంతా తెల్లబోయి చూసింది. ఆంధ్రకూ కేరళకూ ఓట్లలో తేడా నూటికి నాలుగు. ఆ నాలుగు ఓట్ల తేడాకు ఒక రాష్ట్ర ప్రజలు ఎర్రజెండా ఎత్తిన చైతన్యవంతులు, ఇంకో రాష్ట్ర ప్రజలు ఎర్రజెండాను కాలదన్నినవాళ్ళు అయిపోయారు. ఇన్ని దశాబ్దాలుగా కేరళను చూపించి "వాళ్ళ రక్తమే వేరు, మనవాళ్ళకు అంత లేదు" అనే మేధావులను నేను చాలామందిని చూశాను. తెలుగువాడి రక్తం సంగతి తేల్చే ముందు ఈ అంకెలు ఒకసారి చూడమని వాళ్ళను వేడుకుంటున్నాను.

అమెరికాలో 1948లో షికాగో పత్రిక ఒకటి ట్రూమన్ ఓడిపోయాడని మొదటి పేజీలో అచ్చేసి, గెలిచిన ట్రూమన్ ఆ పేపరు పట్టుకుని ఫోటో దిగేదాకా తెచ్చుకున్న సంగతి అందరికీ తెలుసు. అక్కడ ఫలితమే తప్పుగా అచ్చయింది, మర్నాటికి తప్పు తేలిపోయింది. మన దగ్గర ఫలితం అక్షరాలా సరిగ్గానే అచ్చయింది. తప్పు దాని అర్థంలో జరిగింది. అలాంటి తప్పును మర్నాడు ఎవరూ దిద్దరు. డెబ్భై ఏళ్ళైనా దిద్దలేదు.

ఆ తప్పు వల్ల నష్టపోయింది పార్టీ ఒక్కటే అయితే నేను ఇంత రాయను. ఓటమి దెబ్బకు శ్రీశ్రీ మానసికంగా కుంగిపోయి చికిత్స తీసుకోవాల్సి వచ్చింది. అభ్యుదయ సాహిత్యం చల్లబడిపోయిందని సాహిత్య చరిత్రకారులు ఈ ఏడాదినే గుర్తుగా చూపిస్తారు. జనం మమ్మల్ని వద్దన్నారని వాళ్ళు నమ్మేశారు. ఎదుటివాళ్ళ పత్రికలు రాసిన మాటను ఓడినవాళ్ళు కూడా నమ్మడమే ఇందులో నన్ను కలచివేసే విషయం. కూలీ గురించి, కౌలు గురించి, బంజరు భూముల గురించి ఆ 27 లక్షల మందిలో చాలామంది అడిగినది ఏదో ఉంది. "జనం తీర్పు ఇచ్చేశారు" అనగానే అది చర్చలోంచి తప్పుకుంది. సమస్య తీరకుండానే తీరినట్టు అయిపోయింది.

అదే ఏడాది ఇంకో సంగతి జరిగింది, ఇది మన రెండు రాష్ట్రాలకూ సంబంధించింది. ఫజల్ అలీ అధ్యక్షతన ఏర్పడ్డ రాష్ట్రాల పునర్విభజన సంఘం 1955 సెప్టెంబరు 30న నివేదిక ఇచ్చింది. వాళ్ళకు దేశం మొత్తం నుంచి 1,52,250 పత్రాలు అందాయి. వాటిలో చాలా భాగం తంతివార్తలు, అచ్చేసి పంపిన తీర్మానాలు. ఆలోచించి రాసిన విజ్ఞాపనలు 2,000 మించవని సంఘమే చెప్పింది. ప్రజాభిప్రాయం పేరుతో వచ్చిన కాగితాలను తూకం వేసి, వాటిలో ఎంత సరుకుందో నిజాయితీగా చెప్పిన అరుదైన సందర్భం అది. విశాలాంధ్ర గురించి, అంటే ఆంధ్ర, తెలంగాణ కలిపిన పెద్ద తెలుగు రాష్ట్రం గురించి, వాళ్ళు రాసిందీ అంత జాగ్రత్తగానే ఉంది. ఆంధ్రలో అభిప్రాయం పెద్ద రాష్ట్రానికే బాగా అనుకూలంగా ఉందని, తెలంగాణలో ప్రజాభిప్రాయం ఇంకా ఒక రూపానికి రాలేదని అన్నారు. అందుకే హైదరాబాదు రాష్ట్రాన్ని విడిగా ఉంచి, 1961 ప్రాంతంలో ఎన్నికలు అయ్యాక అక్కడి శాసనసభ మూడింట రెండొంతుల మెజారిటీతో ఒప్పుకుంటేనే కలపమన్నారు.

ఇంకా రూపానికి రాలేదు అనే మాటను ఏ పత్రికా శీర్షికగా పెట్టలేదు, పెట్టడానికి అది పనికిరాదు కూడా. పత్రికకు అవును కావాలి, లేదా కాదు కావాలి. ఆ తర్వాత హైదరాబాదు శాసనసభలో మాట్లాడిన 147 మందిలో 103 మంది విలీనానికి అనుకూలం, 29 మంది వ్యతిరేకం, 15 మంది తటస్థం అన్న లెక్క వచ్చింది. అదే తెలంగాణ ప్రజల అభిప్రాయం అన్నారు. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. 1969లో తెలంగాణ వీధుల్లోకి వచ్చిన కుర్రవాళ్ళు 1955లో ఏడెనిమిదేళ్ళ పిల్లలు, వాళ్ళను ఎవరూ అడగలేదు అనుకోవచ్చు. వాళ్ళ తల్లిదండ్రులను కూడా ఎవరూ నేరుగా అడగలేదు. విలీనం మంచిదా చెడ్డదా అన్న వాదనలోకి నేను వెళ్ళడం లేదు, ఎవరి వాదన వాళ్ళకుంది. శాసనసభ్యుల తలలు లెక్కపెట్టి ప్రజాభిప్రాయం అనడం, సీట్లు లెక్కపెట్టి ప్రజాభిప్రాయం అనడం ఒకే రకం పొరపాటు అంటున్నాను. ఏడాది తిరగకుండా రెండుసార్లు చేశాం.

దీనికి సరిగ్గా తిరగబడ్డ ఉదాహరణ కూడా అంతకు మూడేళ్ళ ముందే ఉంది. పొట్టి శ్రీరాములు 1952 అక్టోబరు 19న మద్రాసులో నిరాహార దీక్ష మొదలుపెట్టారు. డిసెంబరు మొదటి వారంలో నెహ్రూ మద్రాసు ముఖ్యమంత్రి రాజాజీకి రాసిన ఉత్తరంలో, ఆంధ్ర కోసం ఏదో దీక్ష జరుగుతోందట, నాకు కంగారు తంతివార్తలు వస్తున్నాయి, నేను దాన్ని పట్టించుకోదలచుకోలేదు అన్నారు. డిసెంబరు 15 రాత్రి శ్రీరాములు చనిపోయారు. రైల్వే స్టేషన్ల మీద జనం విరుచుకుపడ్డారు, పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి, నాలుగు రోజులకు ఆంధ్ర రాష్ట్రం ఇస్తామని నెహ్రూ ప్రకటించారు. ఆ తంతివార్తల్లో నిజమైన జనం గొంతు ఉంది. కాగితం మీద గొంతు ఎప్పుడు నిజం, ఎప్పుడు అచ్చేసి పంపిన తీర్మానం అన్నది దూరంగా కూర్చున్నవాళ్ళకు తెలియలేదు. ఢిల్లీలో నెహ్రూకీ తెలియలేదు, మద్రాసులో సంపాదకులకూ అన్నిసార్లూ తెలియలేదు.

పాత పత్రికలు చదవడం మానేయమని నేను అనడం లేదు. నేను చదువుతూనే ఉంటాను. సంపాదకీయం కంటే లోపలి పేజీల్లో జిల్లా విలేఖరి నాలుగు పంక్తుల్లో రాసి పంపిన వార్త నాకు ఎక్కువ చెబుతుంది. ఫలానా ఊళ్ళో కూలి రేటు మీద గొడవ, ఫలానా చోట కాలువ నీళ్ళ తగాదా, ఫలానా సంతలో ధాన్యం ధర. వాటిని రాసినవాడికి ప్రజాభిప్రాయం గురించి చెప్పే ఉద్దేశం ఉండదు, కాబట్టి నమ్మొచ్చు. వాటి పక్కన ఎన్నికల సంఘం నియోజకవర్గాల వారీగా ప్రచురించిన ఓట్ల లెక్క పెట్టుకోవాలి. కమ్యూనిస్టు రెండు వేల ఓట్లతో ఓడిన ఊరు ఒకటి, ఇరవై వేలతో ఓడిన ఊరు ఒకటి. సీట్ల పట్టికలో ఈ రెండూ ఒకే సున్నా. నెల్లూరు జమీన్ రైతు లాంటి చిన్న పత్రికలనూ చూడాలి, అవి తమ జిల్లాకు దగ్గరగా ఉండి రాశాయి.

ఇంకో పని ఉంది, దానికి గడువు దగ్గరపడింది. అప్పట్లో ఓటు రావాలంటే 21 ఏళ్ళు నిండాలి. అంటే యాభై ఐదులో ఓటు వేసినవాళ్ళలో ఇవాళ బతికున్నవాళ్ళందరికీ తొంభై దాటాయి. మీ ఇళ్ళల్లో అమ్మమ్మో, తాతయ్యో, పక్కింటి పెద్దాయనో ఉంటే ఈ పండక్కి వెళ్ళినప్పుడు కాసేపు కూర్చుని అడగండి. ఏ పెట్టెలో వేశారు, ఎవరు వేయమన్నారు, ఊళ్ళో పేపరు ఎవరు చదివి వినిపించేవారు, అది ఏ పేపరు, ఫలితం తెలిసిన రోజు మీ వీధిలో ఏం జరిగింది. ఆడవాళ్ళను తప్పకుండా అడగండి, వాళ్ళను ఏ విలేఖరీ అడగలేదు. చెప్పింది చెప్పినట్టు ఫోన్‌లో రికార్డు చేసి, ఊరి పేరు, తారీఖు రాసి పెట్టండి. నాకు పంపినా సరే, మీ దగ్గరే ఉంచుకున్నా సరే.